నగ కొట్టుది, బిల్లూ కొట్టుదే: ఊళ్ళో బంగారు కొట్టుతో కలిసి ఆన్‌లైన్‌లో అమ్మడం ఎట్లా

మాది ప్రొద్దుటూరు. ఊరి పేరు చెప్పగానే "ఓ, రెండో ముంబై కదా" అంటారు బయటివాళ్ళు. నాలుగేళ్ళు వాట్సాప్‌లో చీరలమ్మాను. చీరలు కొనే అక్కలే మెల్లగా అడగడం మొదలుపెట్టారు: "మీ ఊళ్ళో తరుగు తక్కువంట కదా, ఒక జత కమ్మలు చూసి పెట్టు" అని. తరుగంటే నగ తయారీలో పోతుందని బంగారం బరువు మీద శాతంగా వేసే ఖర్చు. ఆ అడగడాలు ఎక్కువయ్యేసరికి మా నాయన స్నేహితుడి కొట్టు మెట్లెక్కాను. చిన్నప్పట్నుంచీ ఆయన్ని మామా అనే పిలుస్తాను.

విషయం విన్నాక ఆయన త్రాసు గాజు మూత తీసి, ఒక కమ్మ పెట్టి, మూత వెయ్యకుండా చూడమన్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. చివరి అంకె నిలబడదే! 4.312, 4.318, 4.309. మూత వేశాక 4.310 దగ్గర ఆగింది. "చీర తప్పొస్తే వెయ్యి రూపాయలు పోతాయి పాపా. ఇక్కడ తప్పొస్తే కొట్టు పేరు పోతుంది. ఆ మూత వేసే ఓపికుంటే రా" అన్నాడు.

మూడేళ్ళయింది. ఈ పని చెయ్యాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా నాలాగా పెట్టుబడి లేనివాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు కాబట్టి, నేను చేసే పద్ధతి చెబుతాను. అన్నిటికంటే ముందు ఒక మాట. బంగారం మీ ఇంటికి తెచ్చుకోవద్దు, డబ్బు మీ ఖాతాలో వేయించుకోవద్దు. నగ కొట్టులోనే ఉండాలి, డబ్బు కొట్టు ఖాతాకే పోవాలి, బిల్లు కొట్టు జీఎస్టీ నంబరు మీదే రావాలి. మన పని చూపించడం, అడిగినదానికి నిజం చెప్పడం, లెక్క విడమరచడం. ఇది తప్పినవాళ్ళను ఇద్దరిని చూశాను, ఇద్దరూ ఇప్పుడు మళ్ళీ చీరలే అమ్ముకుంటున్నారు.

కొట్టును ఎంచుకునేటప్పుడు పెద్ద బోర్డు చూసి పోకండి. మామూలు కొనేవాళ్ళలాగా వెళ్ళి చిన్న వస్తువు ఒకటి, ముక్కుపుడక కాకుండా రెండు గ్రాములు దాటినది, కొనండి. రెండు గ్రాముల లోపు వాటికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కాబట్టి వాటితో పరీక్ష కుదరదు. అడక్కుండానే బిల్లు రాశారా? బిల్లులో నికర బరువు, క్యారెట్, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా ఉన్నాయా? భూతద్దం అడిగితే మొహం చిట్లించుకున్నారా? నగ మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కే916 లాంటి స్వచ్ఛత అంకె, ఆ ఒక్క నగకే ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఇంటికొచ్చి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరక్షరాలు కొడితే ఏ కొట్టు రిజిస్ట్రేషన్ మీద, ఏ పరీక్ష కేంద్రంలో, ఏ రకం వస్తువుకు, ఎంత స్వచ్ఛతకు ముద్ర పడిందో కనిపిస్తుంది. మీరు కొన్నది ఉంగరమైతే యాప్‌లో గొలుసు అని వస్తే, ఆ కొట్టుకు దండం పెట్టి వచ్చేయండి. కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్ళు పొదిగే రకం నగలకు మాత్రం ఈ ముద్ర నుంచి మినహాయింపు ఉంది. అందుకే మొదటి ఏడాది నేను వాటి జోలికి పోలేదు. ముద్ర లేని నగ గురించి ఫోన్లో ఒకరిని నమ్మించడం నా వల్ల కాదనిపించింది.

ఒప్పందం నోటిమాటతో వద్దు. "మామ కదా" అని నేనూ మొదట రాసుకోలేదు. ఆ తర్వాత ఒక కాసుల పేరు సంగతిలో బుద్ధొచ్చింది. బెంగళూరు నుంచి ఒకామె వీడియో కాల్‌లో చూసి, నచ్చి, బ్యాంకులో డబ్బు పంపే పనిలో ఉంది. అదే గంటలో కౌంటరు దగ్గర ఒక పెళ్ళివాళ్ళు దాన్నే చూసి డబ్బు కట్టి తీసుకుపోయారు. కొట్టు కుర్రాడి తప్పేమీ లేదు, ట్రేలో ఉన్న నగ అమ్మాడు. ఆమెకు క్షమాపణ చెప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇప్పుడు ఎవరైనా "తీసుకుంటాను" అనగానే ఆ నగ ట్యాగుకు ఎర్ర దారం కడతాం. దారం ఉన్న నగ రెండు గంటలు ఎవ్వరికీ చూపించరు. రెండు గంటల్లో డబ్బు రాకపోతే కుర్రాడే దారం విప్పి నాకు ఫోన్ చేస్తాడు.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద మేం రాసుకున్నవాటిలో ఈ దారం సంగతి కూడా ఉంది. మిగతావి నా వాటా ఎంత, ఎప్పుడిస్తారు, గిరాకీ బేరమాడి తరుగు తగ్గిస్తే ఆ కోత ఎవరిది, వాపసు వస్తే నా వాటా ఏమవుతుంది, నేను తీసిన ఫొటోలు ఎవరివి అన్నవి. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మనం విడిపోయినా కొట్టువాళ్ళు మన చెవులు కనిపించే ఫొటోలే వాడుకుంటుంటారు.

వాటా ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియాలంటే నగ లెక్క తెలియాలి. ఒక కెంపుల అడ్డిగ తీసుకుందాం. మొత్తం బరువు 21.640 గ్రాములు, రాళ్ళ బరువు 1.640. పోతే నికర బంగారం 20 గ్రాములు. లెక్క సులువుగా ఉండాలని 22 క్యారెట్ల రేటు గ్రాము 9,000 అనుకుందాం. తరుగు 12 శాతం అంటే 2.400 గ్రాములు. 22.400 గ్రాములకు 2,01,600 రూపాయలు. రాళ్ళకు 3,500 వేస్తే 2,05,100. దానిమీద 3 శాతం జీఎస్టీ 6,153. హాల్‌మార్క్ రుసుము చిన్నది, పక్కన పెడితే మొత్తం 2,11,253. రెండు లక్షలు దాటింది కాబట్టి పాన్ కార్డు కావాలి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. ఈ లెక్కను గిరాకీకి ఇదే వరుసలో కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతాను. టైపు చేసి పంపితే చదవరు, చేతిరాత అయితే చదువుతారు. ఎందుకో నాకూ అర్థం కాదు.

ఇందులో నా వాటా ఆ 12 శాతం తరుగులో 2 శాతం. 20 గ్రాములకు 0.400 గ్రాములు, అంటే 3,600 రూపాయలు. గ్రాముల్లో ఇవ్వరు, బిల్లు రోజు రేటుకు రూపాయల్లో కట్టి నెలాఖరుకు నా ఖాతాలో వేస్తారు. బేరంలో తరుగు 11కు దిగితే ఆ ఒక శాతం చెరి సగం భరిస్తాం. ఇది కమీషన్ ఆదాయం కాబట్టి నా ఆదాయపన్ను లెక్కల్లో నేను చూపించాలి. ఏడాదికి 20 లక్షలు దాటితే నేనూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఇంకా అంత దూరం పోలేదు.

రీలు కింద ధర రాయకండి. రేటు రోజూ మారుతుంది, నిన్నటి ధర చూసి ఇవ్వాళ తగాదాకు వస్తారు. అలాగని "ధరకు మెసేజ్ చెయ్యండి" అని ఊరించడం కూడా నాకు గిట్టదు. నికర బరువు, తరుగు శాతం, రాళ్ళ ఖరీదు మూడూ రాస్తే లెక్కొచ్చినవాళ్ళు వాళ్ళే కట్టుకుంటారు. తరుగు శాతం బయటపెట్టడానికి మామ ఆర్నెల్లు ఒప్పుకోలేదు. పక్క కొట్లవాళ్ళు చూస్తారని భయం. చూశారు కూడా, ఏమీ కాలేదు.

ఫొటోల దగ్గర కాస్త ఆగాలి. కొట్టులోని పసుపు లైట్ల కింద తీస్తే ప్రతి నగా దీపావళి లాగే ఉంటుంది. అదే నగ గిరాకీ ఇంట్లో ట్యూబులైటు కింద పెట్టెలోంచి తీస్తే "ఇది అది కాదు" అంటారు. నేను పొద్దున పది గంటలకు కొట్టు మేడ మీద ఉత్తరం కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట తీస్తాను. కింద బూడిదరంగు గుడ్డ. మెరూన్ పట్టు చీర మీద పెడితే అందంగానే ఉంటుంది, కానీ ఆ ఎరుపు బంగారం మీద పడి రంగు మోసం చేస్తుంది. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి, సీల దగ్గరగా ఒకటి, ముద్ర దగ్గరగా ఒకటి. మన ఆడవాళ్ళు కొనే ముందు నగ తిప్పి చూస్తారు కదా, ఫోన్లో ఆ తిప్పడం మనమే చెయ్యాలి. నక్షీ పని లోపల బోలుగా ఉందా, లక్క నింపారా, లక్క బరువు తీసేశారా అన్నది అడక్కముందే చెప్పండి. కెంపు సహజమా, చేసినదా అన్నదీ అంతే. వజ్రమైతే సర్టిఫికెట్ నంబరు చూపించండి, ల్యాబులో పెంచిన వజ్రమైతే ఆ మాట మొదటి వాక్యంలోనే ఉండాలి.

సైజు సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒక జత బుట్టకమ్మలు స్క్రీను నిండా నింపి రీలు పెట్టాను. కొన్నామె పెట్టె తెరిచి, "చెల్లీ, ఇవి మా మూడేళ్ళ పాపకు సరిపోతాయి" అంది. కోపంగా కూడా అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. బరువు సరిగ్గానే చెప్పాను, కానీ బరువు విని సైజు ఊహించుకోగలిగేది కంసాలి ఒక్కడే. అప్పట్నుంచి ప్రతి నగ పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టి ఒక ఫొటో తీస్తాను. అది 27 మిల్లీమీటర్ల బిళ్ళ, అందరి ఇళ్ళల్లో ఉంటుంది. ఆ తర్వాత చెవికి పెట్టుకుని ఒకటి.

రేటు ఎప్పటిది అన్న గొడవ ఈ వ్యాపారంలో తప్పదు. 2024 జులై 23 బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు, రేటు ఒక్కసారిగా జారింది. ముందు రోజు సోమవారం నా గిరాకీ ఒకామె కొంత అడ్వాన్సు కట్టి ఉంది. మంగళవారం సాయంత్రం ఫోన్. ఆమె అడిగిందీ న్యాయమే, మామ చెప్పిందీ న్యాయమే. ఎందుకంటే సోమవారం రేటుకే ఆయన బంగారం కొనేశాడు. తేడాలో సగం ఆయన వదులుకున్నాడు. ఇప్పుడు మా నియమం ఏమిటంటే, కట్టిన డబ్బుకు ఎన్ని గ్రాములొస్తాయో అన్ని గ్రాములకే ఆ రోజు రేటు ఖాయం, మిగతాది బిల్లు రోజు రేటుకు. పెరిగినా అంతే, తగ్గినా అంతే. ఇది అడ్వాన్సు తీసుకోకముందే వాయిస్ మెసేజ్‌లో చెప్పి, "సరే" అని జవాబు వచ్చాకే ఖాతా నంబరు పంపుతాను. పెద్ద మొత్తాలకు బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే ఆర్‌టీజీఎస్సే మంచిది. స్క్రీన్‌షాట్ చూసి నగ కదిలించకండి, కొట్టు ఖాతాలో పడిందని కొట్టువాళ్ళు చెప్పాలి. మన ఫొటోలు దొంగిలించి, అదే పేరుతో పేజీ పెట్టి అడ్వాన్సులు గుంజేవాళ్ళు కూడా ఉంటారు. అందుకే మా పేజీ పైన "డబ్బు కొట్టు పేరున్న ఖాతాకే, వేరే పేరు కనిపిస్తే మేం కాదు" అని రాసి పెట్టాం. ఇక కొట్టువాళ్ళ నెలవారీ పొదుపు స్కీములకు మీరు డబ్బు వసూలు చెయ్యడం మాత్రం వద్దే వద్దు.

పంపడం కొట్టు బాధ్యతే, కానీ నేను పక్కనే ఉంటాను. మామూలు కొరియర్లు చాలావరకు బంగారం తీసుకోవు. "గిఫ్ట్ ఐటెం" అని రాసి పంపితే పోయినప్పుడు అడిగే దిక్కుండదు. బంగారం, వజ్రాలు మోయడానికే బీవీసీ, సీక్వెల్ లాంటి సంస్థలున్నాయి. బీమా మొత్తం బిల్లుకు సమానంగా ఉండాలి. ప్యాకింగు అంతా ఆపకుండా ఒకే వీడియో: ఖాళీ త్రాసు మీద సున్నా, నగ, మూత, బరువు, భూతద్దం కింద హెచ్‌యూఐడీ, బిల్లు, పెట్టె, టేపు, సీలు మీద మామ సంతకం. రెండు నిమిషాలు పడుతుంది. అందుకునేవాళ్ళను కూడా విప్పేటప్పుడు వీడియో తియ్యమంటాం. ఈ రెండు వీడియోలూ ఉంటే ఒక ముత్యం రాలిందన్న ఫిర్యాదు పది నిమిషాల్లో తేలిపోతుంది.

వాపసు నియమాలు అమ్మకముందే కనిపించేలా పెట్టాలి, ఫిర్యాదు వినే మనిషి పేరు, ఫోను కూడా ఇవ్వాలి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఇవే చెబుతాయి. మాది ఏడు రోజులు, ట్యాగు తెంచకుండా ఉంటే పూర్తి డబ్బు. ఆర్డరిచ్చి చేయించుకున్నదైతే వాపసు లేదు, మార్పిడి మాత్రమే, తరుగు పోతుంది. స్వచ్ఛత తక్కువని తేలితే మాత్రం నియమాలు మావి కావు. తగ్గినంత విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా ఇవ్వాలని బీఐఎస్ నిబంధనే ఉంది. ఈ మాట నేను గిరాకీలకు ముందే చెబుతాను.

అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా అడుగుతారు. అక్కడికి పంపం. కస్టమ్స్ కాగితాలు మా చిన్న కొట్టుకు మించిన పని. వాళ్ళు వీడియో కాల్‌లో చూసి డబ్బు కడితే, కడపలోనో కర్నూలులోనో ఉన్న వాళ్ళమ్మ ఇంటికి చేరుస్తాం. అప్పుడు ఫోనులో ఇద్దరు చూడాలి, కూతురు డిజైను చూస్తుంది, తల్లి తరుగు అడుగుతుంది. తల్లి లేకుండా బేరం తెగదు.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు ఆషాఢంలో పెట్టండి. కొట్టు ఖాళీగా ఉంటుంది, ఏ నగ అడిగినా తీసి ఇస్తారు, రోజుకు పది పదిహేను ఫొటోలు నెమ్మదిగా తీసుకోవచ్చు. శ్రావణం మొదటి శుక్రవారం దాటాక మామ త్రాసు దగ్గర నాకు కూర్చోడానికి స్టూలు కూడా మిగలదు.