లోడర్ అరువు తెచ్చుకోవద్దు: పెయింట్‌బాల్ టోర్నీకి వెళ్లే మన పిల్లలకు జాగ్రత్తలు

హనుమకొండ కుర్రాడొకడు మొన్న హైదరాబాద్‌లో పెయింట్‌బాల్ (రంగు బాల్స్‌ను గన్‌తో కాల్చుకునే ఆట) మ్యాచ్ ఆడి కంటికి కట్టుతో ఇంటికొచ్చాడు. అదృష్టం బాగుండి చూపు దక్కింది. రెండో మ్యాచ్‌కు ముందు అతని లోడర్, అంటే గన్‌లోకి బాల్స్ దింపే డబ్బా, మొరాయించింది. పక్క టీమ్ దగ్గర ఇంకోటి అడిగి బిగించుకున్నాడు. ఆట మధ్యలో అదీ ఇరుక్కుంది. బాల్ ఎందుకు దిగట్లేదో చూద్దామని మాస్క్ పైకెత్తాడు, అంతే. టీమ్‌కు ఇంకో దెబ్బ కూడా తగిలింది. ఆటకు ముందు సామాను తనిఖీలో చూపించని లోడర్‌తో ఆడారని వాళ్ల పాయింట్లన్నీ తీసేశారు.

మాస్క్ తీయొద్దని, బ్యారెల్‌కు (గన్ గొట్టానికి) కవర్ తొడగమని గ్రౌండ్‌లో పది మంది చెప్తారు. అవి మళ్లీ రాయను. వేసవి సెలవుల్లో వరంగల్, కరీంనగర్ వైపు నుంచి టోర్నీలకు వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి ముఖ్యంగా లోడర్ సంగతి చెప్తాను.

ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు

అందరూ అడిగేది ఒకటే: "అన్నా, సెకనుకు 30 బాల్స్ తోసే మోటార్ లోడర్ పెడితే ఆటలోంచి తీసేస్తారా?" మామూలు హాపర్ విభాగంలో (గన్ మీద లోడర్ డబ్బా బిగించి ఆడేది) సాధారణంగా తీసేయరు. అక్కడ పరిమితి లోడర్ మీద కాదు, గన్ మీద. అమెరికాలో ఎన్‌ఎక్స్‌ఎల్ లీగ్ పెట్టిన హద్దు సెకనుకు 10.2 బాల్స్. లోడర్ ఎంత వేగంగా తోసినా గన్ అంతకు మించి కాల్చకూడదు. కాబట్టి రిఫరీ ముందు చూసేది గన్ ఎంత వేగంగా కాల్చాలో నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఏ మోడ్‌లో ఉందన్నది. ఖరీదైన లోడర్ చూసి భయపడేది మనవాళ్లే, రిఫరీలు కాదు.

విభాగం మారితే అదే లోడర్ చెల్లదు. స్టాక్ క్లాస్ అనే విభాగంలో బాల్స్ బ్యారెల్‌కు సమాంతరంగా ఉండే గొట్టంలో ఉంటాయి, గన్ వంచితేనే దొర్లి లోపలికి వస్తాయి. మోటార్ లేదు, స్ప్రింగ్ లేదు. గ్యాస్ కూడా 12 గ్రాముల చిన్న సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గుళిక నుంచే. మ్యాగ్‌ఫెడ్ అనే విభాగంలో బాల్స్ నింపి గన్‌కు బిగించే మ్యాగజైన్ తప్ప ఇంకేదీ ఉండకూడదు. గొడవలు ఎక్కువగా ఇక్కడే. మ్యాగజైన్ రూపంలోనే ఉండి, బయటి డబ్బా నుంచి ఆగకుండా బాల్స్ తోసే ఏర్పాట్లు కొన్ని దొరుకుతాయి. చూడటానికి మ్యాగజైనే, పని హాపర్‌ది. కొందరు ఆర్గనైజర్లు ఒప్పుకుంటారు, చాలామంది ఒప్పుకోరు.

పక్క నుంచి తోసే వార్ప్ ఫీడ్, స్ప్రింగ్ చుట్టి పెట్టుకునే క్యూ లోడర్, గన్‌తో వైర్‌లెస్‌గా మాట్లాడుకునే లోడర్ లాంటివి ఉంటే రూల్స్‌లో వాటి పేరే కనబడకపోవచ్చు. పేరు లేదంటే పర్మిషన్ ఉన్నట్టు కాదు. ఫొటో తీసి ఆర్గనైజర్‌కు వాట్సాప్‌లో పంపి, "మా విభాగంలో ఇది నడుస్తుందా" అని అడగండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు, రాసింది కావాలి.

అసలు తప్పు

పొద్దున్నే "నాది ఖరాబైంది, గీ ఒక్క మ్యాచ్‌కు నీది ఇయ్యి" అని తెచ్చుకునే లోడర్. టీమ్‌లు దీనితోనే మునుగుతున్నాయి. అరువు లోడర్ వద్దు.

ఎందుకంటే తనిఖీలో మీ గన్ నుంచి బాల్ పోయే వేగం కొలిచింది మీ లోడర్‌తో. ఇంకొకరి లోడర్ స్ప్రింగ్ ఎంత బిగుతుగా పెట్టారో మీకు తెలియదు. అది గట్టిగా తోసి, మీ గన్‌లో బాల్‌ను ఆపే చిన్న రబ్బరు ముక్క అరిగి ఉంటే, ఒకేసారి రెండు బాల్స్ లోపలికి పోతాయి. ఒకటి పగులుతుంది, గన్ జామ్ అవుతుంది, మీ చెయ్యి మాస్క్ మీదికి పోతుంది. బాల్ సెకనుకు 300 అడుగుల దాకా పోతుంది, అంటే గంటకు దాదాపు 330 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే బాల్ కంటికి రెప్ప వేసే టైమ్ కూడా ఇవ్వదు.

ఇంకో లోడర్ కావాలంటే మీదే రెండోది కొని తీసుకెళ్లండి. దాన్ని కూడా తనిఖీలోనే చూపించండి. చూపించనిది బ్యాగులోంచి తీయొద్దు.

ఎండ

బాల్ పైపొర జెలటిన్. రామగుండం లాంటి చోట మే నెలలో 44 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కారు డిక్కీలో పెట్టిన బాల్స్ మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. బలంగా తోసే లోడర్ వాటిని లోపలే నలిపేస్తుంది. నీడలో, గాలి చొరబడని డబ్బాలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. సీఓటూ వాడేవాళ్లు మధ్యాహ్నం ఇంకోసారి వేగం కొలిపించుకోండి. ఎండకు ఆ గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది, పొద్దున సెకనుకు 280 అడుగులు చూపించిన గన్ మధ్యాహ్నం 300 దాటొచ్చు.

ఇక మిగిలినవి.

లోడర్ తీసేస్తే గన్ ఖాళీ అయినట్టు కాదు. లోపల ఒక బాల్ ఉంటుంది. గన్‌కు గాలి ఇచ్చే సిలిండర్ విప్పినా ఒకటి రెండు షాట్లకు సరిపడా గాలి మిగులుతుంది.

లోడర్‌కు కొత్త బ్యాటరీలు. పాతవి తీసి ఇంట్లోనే పారేయండి.

బాల్‌ను కనిపెట్టే ఐ సెన్సర్ ఆపొద్దు. వేగం పెరుగుతుందని ఎవరో చెప్తారు, వినొద్దు.

తనిఖీ అయ్యాక బోర్డు మోడ్ ముట్టుకోవద్దు.

లోడర్ బిగించే క్లాంప్ వదులుగా ఉంటే టేప్ చుట్టొద్దు. క్లాంప్ మార్చండి.

కాజీపేటలో రైలెక్కేటప్పుడు గాలి నింపిన సిలిండర్ వద్దు. ఖాళీ చేసి తీసుకెళ్లి అక్కడ నింపించుకోండి. హైడ్రో టెస్ట్ (సిలిండర్ ఒత్తిడి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) గడువు దాటిన సిలిండర్ అసలు వద్దు.

జామ్ అయితే చెయ్యెత్తి బయటికి రండి. మాస్క్ ఉంచుకునే రండి. ఆ మ్యాచ్ పోతే పోనీ.

ఎవరు అడిగినా మీ లోడర్ ఇవ్వొద్దు. స్నేహితుడైనా సరే, అక్క కొడుకైనా సరే.

కంటికి తగిలితే నలపొద్దు, నొక్కి కట్టు కట్టొద్దు, సొంతంగా చుక్కలు వేయొద్దు. కాగితం కప్పు ఆనకుండా మూసి, అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి. ఇంటికొచ్చాక నొప్పి మొదలైతే వరంగల్‌లోనే ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడికి పరిగెత్తండి. లోపల రక్తం చేరినా, రెటీనా ఊడినా మొదటి గంటల్లో తెలియకపోవచ్చు. నొప్పి తగ్గింది కదా అని పొద్దుటిదాకా ఆగొద్దు.