పాత ల్యాప్‌టాప్‌లో సైన్స్ ఫిక్షన్ గ్రంథాలయం: బయటి కన్ను పడకుండా నడపడం ఎలా?

చదివిన చోటు నుంచే మరో పరికరంలో కొనసాగించే సౌకర్యం ఉన్న యాప్‌లు సాధారణంగా, మీరు ఏ పుటలో ఆగారో తమ సర్వర్‌కు చెబుతాయి. గీతలు గీసిన వాక్యాలూ అంతే. నిఘా రాజ్యం మీద రాసిన నవలను అలా చదవడం నాకు మింగుడుపడదు. అందుకే ఇంట్లోని ఒక పాత ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా మార్చి, నా పుస్తకాలన్నీ అందులోంచే తెచ్చుకుని చదువుతాను. మీరూ అలా పెట్టుకోవాలనుకుంటే నా పద్ధతి ఇది. ఒక్క షరతు మాత్రం చివరిదాకా వదలను: ఈ సర్వర్ ఇంటర్నెట్‌లో అపరిచితులెవరికీ కనిపించకూడదు.

యంత్రం గురించి ఎక్కువ ఆలోచించకండి. 4 జీబీ ర్యామ్ ఉన్న ఏ ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. ఈ-పుస్తకాలు వచ్చే ఈపబ్ ఫైలు అంటే జిప్ చేసిన వెబ్ పేజీలే కాబట్టి వాటిని పంపడానికి ప్రాసెసర్‌కు పెద్ద శ్రమ ఉండదు. ఖాళీగా ఉన్నప్పుడు 10 వాట్లు తీసుకునే యంత్రం ఏడాదంతా నడిచినా 88 యూనిట్లు దాటదు. బ్యాటరీ ఉండటం వల్ల కరెంటు పోయినా వెంటనే ఆగదు. ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంటుంది కాబట్టి 80 శాతం దగ్గర ఆపే సదుపాయం బయోస్‌లో (యంత్రం మొదలయ్యేటప్పుడు తెరుచుకునే అమరికల్లో) ఉంటే పెట్టండి. టచ్‌ప్యాడ్ కింద నుంచి ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఆ బ్యాటరీని తీయించేయండి, ఇందులో మొహమాటం వద్దు.

డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి. డెస్క్‌టాప్ వద్దని చెప్పి, మరో కంప్యూటర్ నుంచి దీన్ని నడిపించేందుకు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మాత్రం ఎంచుకోండి. మూత మూస్తే యంత్రం నిద్రపోకుండా మూత, పవర్ బొత్తాల సంగతి చూసే లాగిన్‌డీ ప్రోగ్రాము అమరికల ఫైలులో మూతకు సంబంధించిన విలువను ‘ఇగ్నోర్’గా మార్చాలి. తర్వాత రౌటర్‌లో ఈ ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా వచ్చేలా కేటాయించండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో కీతో (పాస్‌వర్డ్‌కు బదులు వాడే రహస్య ఫైలుతో) ప్రవేశం పనిచేస్తోందని చూసుకున్నాకే పాస్‌వర్డ్ ప్రవేశాన్ని ఆపేయండి. ఈ క్రమం తిరగబడితే మీ ఇంటి బయట మీరే నిలబడతారు.

పుస్తకాల సంగతికి వస్తే, ఈ-పుస్తకాలను సర్దే ఉచిత ప్రోగ్రాము క్యాలిబర్‌కు మించినది నాకు కనబడలేదు. అసలు లైబ్రరీని మీరు రోజూ వాడే కంప్యూటర్‌లోనే ఉంచండి, సర్వర్‌లో దాని నకలు మాత్రమే ఉండాలి. క్యాలిబర్ వివరాలన్నీ ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలులో దాచుకుంటుంది. నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టినా, రెండు ప్రోగ్రాములు ఒకేసారి అందులో రాసినా ఆ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. కొత్త పుస్తకాలు చేర్చాక క్యాలిబర్‌ను మూసి, ఫైళ్ల నకలు తీసే ఆర్‌సింక్‌తో ల్యాప్‌టాప్‌కు పంపి, అక్కడి కంటెంట్ సర్వర్‌ను (పుస్తకాలను ఇతర పరికరాలకు అందించే క్యాలిబర్ భాగాన్ని) మళ్లీ మొదలుపెట్టండి. అది మామూలుగా 8080 పోర్టులో, అంటే యంత్రంలోకి వచ్చే నంబరు వేసిన ద్వారాల్లో ఒకదానిలో, పలుకుతుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టకపోతే మీ వైఫైలోకి వచ్చిన ప్రతి అతిథీ మీ అభిరుచులు చూడగలడు.

సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్లకు అసలు తలనొప్పి సిరీస్‌ల వరుస. క్యాలిబర్‌లో సిరీస్ సంఖ్యకు దశాంశాలు ఇవ్వవచ్చు. మొదటి, రెండో నవలల మధ్య వచ్చిన నవలికకు 1.5 అని ఇస్తే అది సరైన చోటే కూర్చుంటుంది. ఇక పూర్వకథలు! కథాకాలం ప్రకారం సర్దాలా, వెలువడిన క్రమంలోనా అన్నది ఈ అభిమానులు తరతరాలుగా పోట్లాడుకుంటున్న విషయం. నా ఓటు వెలువడిన క్రమానికే. రచయిత తర్వాత రాసిన పూర్వకథ, ముందు రాసిన కథలోని రహస్యం పాఠకుడికి తెలుసనుకునే నడుస్తుంది కదా. అయితే ప్రచురణ తేదీ గడిని నమ్మకండి, అందులో తరచుగా మీ చేతిలో ఉన్న ముద్రణ తేదీయే ఉంటుంది. ‘తొలి ప్రచురణ’ అని సొంతంగా ఒక గడి చేర్చుకుని సంవత్సరం మీరే నింపండి. పుస్తక వివరాలు దించే బొత్తాం నొక్కితే ఆ పేర్లతో గూగుల్ వంటి చోట్ల వెతుకులాట జరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. నేనైతే ఓపికగా టైపు చేస్తాను.

చదవడానికి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనో, కాగితంలా కనిపించే ఈ-ఇంక్ పరికరంలోనో కోరీడర్ అనే యాప్ వేసుకుని, సర్వర్ ఓపీడీఎస్ (పుస్తకాల జాబితాను యాప్‌లకు అందించే పద్ధతి) చిరునామా ఇస్తే జాబితా కనిపిస్తుంది. ఆగిన పుటను పరికరాల మధ్య కలిపే సమకాలీకరణకు అందులో మొదట కోరీడర్ వాళ్ల సర్వర్ చిరునామాయే ఉంటుంది. వాడాలనుకుంటే సొంత సర్వర్ చిరునామా ఇవ్వండి, లేదా దాని జోలికి పోకండి.

ఇప్పుడు ఇంటి బయట నుంచి చేరే దారి. రౌటర్‌లో 8080 పోర్టు తెరిచేయమని చెప్పేవాళ్లు మీకు చాలామంది తగులుతారు. వినకండి. దానికి బదులు, ఫోన్‌కూ ఇంటికీ మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన సొరంగం వేసే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టండి. 2020లో విడుదలైన లినక్స్ 5.6 నుంచి అది కెర్నల్‌లోనే (లినక్స్ మూలభాగంలోనే) ఉంది. సరైన కీ లేని ప్యాకెట్ వస్తే అసలు జవాబే ఇవ్వదు కాబట్టి, పోర్టులు తడుముతూ తిరిగే రోబోలకు అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు. రౌటర్‌లో యూడీపీ 51820 పోర్టు ఒక్కటి సర్వర్ వైపు మళ్లించి, పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే యూపీఎన్‌పీని ఆపేయండి. రహస్యంగా ఉంచాల్సిన ఫోన్ ప్రైవేట్ కీని ఫోన్‌లోనే పుట్టించండి, సర్వర్‌కు దాని జతగా వచ్చే పబ్లిక్ కీ మాత్రం ఇవ్వండి. ఫోన్‌లో ‘అనుమతించిన ఐపీలు’ అన్నచోట సొరంగంలోని సర్వర్ చిరునామా ఒక్కటే రాయండి, ఉదాహరణకు 10.73.0.1/32. అప్పుడు పుస్తకాల రాకపోకలు మాత్రమే ఇంటి మీదుగా సాగుతాయి. అక్కడ అన్ని చిరునామాలూ ఇచ్చి అజ్ఞాతంగా తిరుగుతున్నామని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చూసే ప్రతి సైటుకూ కనిపించేది వాళ్ల ఇంటి ఐపీ చిరునామానే.

రౌటర్‌కు బయటి వైపు వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, మీరూ మరెందరో ఒకే చిరునామాను పంచుకుంటున్నారన్నమాట. పోర్టు మళ్లింపు పనిచేయదు. ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఇవ్వగల ఐపీవీ6 ఉంటే ఆ దారిన ప్రయత్నించండి. లేకపోతే, పోర్టు తెరవకుండానే పరికరాలను వైర్‌గార్డ్‌తో కలిపే టెయిల్‌స్కేల్ సేవ ఉంది. అందులో మీ డేటాను వాళ్లు చదవలేరు గానీ, ఏ పరికరం ఎప్పుడు చేరిందన్నది వాళ్ల సర్వర్‌కు తెలుస్తుంది. అదీ ఇష్టం లేనివాళ్లు చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని టెయిల్‌స్కేల్ సర్వర్‌కు బదులు పనిచేసే హెడ్‌స్కేల్ నడుపుకోవచ్చు. ఐపీవీ6 ఉన్న ఇళ్లలో ల్యాప్‌టాప్‌కు నేరుగా బయటి చిరునామా రావచ్చు కాబట్టి, 8080ను ఇంటి నెట్‌వర్క్‌కూ సొరంగానికీ మాత్రమే అనుమతిస్తూ యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌లో నియమం రాయండి.

ప్రకటనలను అడ్డుకునే పై-హోల్‌ను కూడా ఇదే యంత్రంలో పెట్టవచ్చు. నేను పెట్టను. ఇంట్లోని పరికరాలన్నీ సైట్ల చిరునామాలు దాన్నే అడుగుతాయి కాబట్టి, యంత్రాన్ని రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇంటిల్లిపాదికీ నెట్ పోయిందన్న కేకలు వినే ఓపిక నాకు లేదు.

ఆర్‌సింక్ నకలును బ్యాకప్ అనుకోకండి. తొలగింపులు కూడా అనుసరించేలా పెట్టుకుంటే, అసలు లైబ్రరీలో పొరపాటున చెరిపిన పుస్తకం మరుసటిసారి సర్వర్‌లోనూ చెరిగిపోతుంది. బయటి డిస్కుకు రెస్టిక్ అనే ప్రోగ్రాముతో బ్యాకప్ తీయండి. పాత స్థితులన్నీ ఉంచుతుంది, అన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పాస్‌వర్డ్ పోతే తెరిచే దారి లేదు కాబట్టి దాన్ని కాగితం మీద రాసి డిస్కుకు దూరంగా పెట్టండి. తీసిన రోజే ఏదో ఒక నవలను అందులోంచి వెనక్కు తెచ్చి, కోరీడర్‌లో తెరుచుకుంటుందో లేదో చూడండి.