వానాకాలం మొక్కల నడకకు ముందు: దుంప రుచి చూడొద్దు

అడవి దుంప తిని ఆస్పత్రి పాలైన వార్త మళ్లీ వచ్చింది. మొక్కలు చూడ్డానికి అడవికి వెళ్లే మీకు బూట్లు, టోపీ, నీళ్ల సీసా సంగతి చెప్పక్కర్లేదు. ప్రాణం మీదికి తెచ్చేది ఒక్క తప్పే: తినే దుంప పోలిక చూసి తవ్వి, ‘కొంచెమే కదా’ అని కొరకడం.

అడవినాభి

తొలకరికి మొలిచే విషపు తీగ. పూస్తే ఎవరైనా గుర్తుపడతారు. రేకులు వెనక్కి విరిగి, అంచులు అలలుగా, పసుపు నుంచి ఎరుపుకు తిరుగుతాయి. చిక్కంతా పూతకు ముందే. ఆకు కొస నులితీగలా చుట్టుకుంటే అది అడవినాభే అనుకోండి. లేత మొక్కకు, కింది ఆకులకు ఆ చుట్ట ఉండకపోవచ్చు. కాబట్టి చుట్ట లేదని ధైర్యపడొద్దు. జనం తవ్వుకు తినే అడవి పెండలం ఆకుకు కాడ ఉంటుంది, దీనికి దాదాపు ఉండదు. దీని దుంప నాగలిలా వంగి ఉంటుంది, కోస్తే లోపల తెలుపు. ముక్క విరిగితే ఆ వంపూ కనిపించదు.

తవ్వే చోట

ఒకే పొద మీద మూడు నాలుగు తీగలు అల్లుకుంటాయి. పైన చూసిన ఆకు ఒక తీగది, గడ్డపారకు తగిలిన దుంప పక్క తీగది. తెలిసినవాళ్లు కూడా మోసపోయేది ఇక్కడే. కాండాన్ని ఆకు నుంచి నేల దాకా చేత్తో పట్టుకుని వెళ్లండి. అలా వెళ్లినా రుచి చూడొద్దు.

ఉడికించినా అడవినాభి విషం, కొల్చిసిన్, పోదు. తిన్న కొన్ని గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, నీళ్ల విరేచనాలు. తిండి పడలేదనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. ఆలోగా కిడ్నీలు, గుండె, ఎముక మూలుగ దెబ్బతింటాయి. విరుగుడు మందు అందుబాటులో లేదు.

ఇక వరసగా వినండి.

నోట్లో పడితే లక్షణాల కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.
వాంతి చేయించొద్దు.
మిగిలిన దుంప, ఆకు, పువ్వు ఆస్పత్రికి పట్టుకెళ్లండి.
ఫోన్ యాప్ చెప్పిన పేరు నమ్మి ఏదీ తినొద్దు.
అడవి దుంపలు చెంచులు తింటున్నారని మీరు తినొద్దు. ఏది, ఎప్పుడు, ఎలా వండాలో వాళ్లకు తెలుసు.
జిల్లేడు పాలు కంట్లో పడితే రుద్దొద్దు. ధారగా నీళ్లు పోస్తూ కనీసం 15 నిమిషాలు కడిగి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.
దురదగొండి నూగు అంటితే గోకొద్దు. టేపు అంటించి లాగేయండి.
పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి.
రుచి చూడొద్దు, నాలుక కొసకు కూడా.
తిరిగొచ్చేటప్పుడు పిల్లల జేబులు వెతకండి: గురివింద గింజ కొరికినా నమిలినా విషమే.