ఇల్లు మారేముందు పాత చీరలు పారేయకండి

హనుమకొండలో ఇల్లు మారేముందు శని, ఆదివారాలు సామాను సర్దడం పక్కనపెట్టి మేమిద్దరం రామప్ప, లక్నవరం వెళ్లొచ్చాం. 1213 నాటి రామప్ప గుడి చూసి, లక్నవరం గట్టున కూర్చుని, వెంట తెచ్చిన రెండు పాత నూలు చీరలను మూడు వేళ్ల వెడల్పున చింపి జడలల్లాం (మా ఆయన అల్లిన జడ చూస్తే నవ్వాగదు). ఇంటికొచ్చాక వాటిని గుండ్రంగా చుట్టి లావు దారంతో కుడితే నాలుగు డోర్‌మ్యాట్లు. చుట్టను బల్లమీద పరిచే కుట్టాలి; చేత్తో పట్టుకుని దారం లాగితే అంచులు గిన్నెలా పైకి లేస్తాయి. సిల్కు, పాలిస్టర్ వద్దు, జారతాయి. సామాను కట్టేటప్పుడు ఆ మ్యాట్లే గాజు గిన్నెల మధ్య పెట్టాం. ఒక్కటీ పగల్లేదు. ఇప్పుడవి కొత్తింటి గుమ్మం ముందున్నాయి.