నాటక సమాజానికి కార్యవర్గం: లైట్ల గదిలోంచి చూసిన సంగతులు

మా నాటక సమాజంలో పదహారేళ్లు లైట్లు చూశాను. అందులో తొమ్మిదేళ్లు కార్యదర్శిని కూడా. రెండింటిలో లైట్ల పనే తేలిక. డిమ్మర్ తిప్పితే వెలుగు తగ్గుతుంది, వెనక్కి తిప్పితే పెరుగుతుంది. కార్యవర్గ సభ్యులను తిప్పే మీట ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. కాబట్టి ఎంచుకునేటప్పుడే జాగ్రత్తపడాలి.

మొదటి కార్యవర్గాన్ని మేము ఎన్నుకున్న తీరు వింటే నవ్వొస్తుంది. నాటకం ముగిసిన రాత్రి, సగం మంది ముఖాలకు ఇంకా రంగు ఉండగానే, వేదిక మీద గుండ్రంగా కూర్చుని చేతులెత్తించాం. ఆ పూట చప్పట్లు ఎక్కువ పడినాయన అధ్యక్షుడు. రెండో పాత్రధారి ఉపాధ్యక్షుడు. ఆ సమయానికి డబ్బుల సంచి ఎవరి భుజాన వేలాడుతున్నదో వారు కోశాధికారి. మొత్తం పది నిమిషాల పని. దాని ఫలితాన్ని రెండేళ్లు మోశాం.

ఆ రెండేళ్లలో ఒక ఉదయం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ప్రదర్శన ఆ సాయంత్రమే. సెట్ సామాను వేసుకున్న వ్యాను హాలు ముందు ఆగింది. లోపల వేదిక మీద ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని ఎవరిదో బ్యానర్ కడుతున్నారు. "మీరెవరు?" అని మేము వాళ్లను అడిగాం, వాళ్లూ మమ్మల్ని అదే అడిగారు. హాలుకు అడ్వాన్సు కట్టవలసిన మా సభ్యుడు కట్టలేదు. పోనీ మరచిపోయారా అంటే అదీ కాదు. గడువు దాటిపోయిందని ఆయనకు పది రోజుల క్రితమే తెలుసు. "మీరంతా రిహార్సల్ హడావుడిలో ఉన్నారు. ఎలాగో సర్దుబాటు అవుతుందిలే అనుకున్నాను. చెప్పడానికి మొహమాటం వేసింది" అన్నారు. మంచి మనిషి. మంచి నటుడు కూడా, ఏడుపు సన్నివేశంలో ముందు వరుసల వాళ్లు కళ్లు తుడుచుకునేవారు. కానీ పది రోజుల ముందు చెప్పి ఉంటే మరో హాలు వెతుక్కునేవాళ్లం. ఆ రోజు వ్యానును వెనక్కి తిప్పుకొని వచ్చాం.

అప్పటినుంచి కార్యవర్గానికి ఎవరి పేరు వినిపించినా ముందుగా ఒకటే చూస్తాను: చెడ్డ కబురును ఈ మనిషి ఎంత త్వరగా బయటపెడతారు? ప్రతిభ, పలుకుబడి, ఉత్సాహం దాని తరువాతి లెక్క.

పేర్ల కంటే ముందు పనులు

ఎవరిని తీసుకోవాలన్న చర్చ మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద సమాజానికి ఉన్న పనులన్నీ రాయండి. హాలు మాట్లాడటం, డబ్బు లెక్క, నాటక రచయిత దగ్గర అనుమతి, టికెట్లు, ప్రచారం, దుస్తులూ సామాను భద్రపరచడం, రిజిస్ట్రేషన్ కాగితాలు, ప్రేక్షకుల భద్రత. ఒక్కో పని పక్కన ఇప్పుడు అది ఎవరు చేస్తున్నారో రాయండి. మేము ఈ కాగితం రాసినప్పుడు మా లెక్కకు వచ్చిన తొమ్మిది పనుల్లో ఆరింటి పక్కన ఒకే పేరు వచ్చింది. మిగిలిన మూడింటి పక్కన ఏ పేరూ లేదు. ఆ ఖాళీలను ఎవరు నింపగలరో వాళ్లను వెతకాలి. అప్పటికే నలుగురు నటులున్న కార్యవర్గంలోకి ఐదో నటుడిని తెచ్చుకుంటే రిహార్సల్ గదిలో సందడి పెరుగుతుందేమో కానీ ఖాళీ ఖాళీగానే ఉంటుంది.

రచయిత అనుమతి గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఔత్సాహిక సమాజాలు తరచూ జారిపడేది ఇక్కడే. పుస్తకం కొన్నంత మాత్రాన దాన్ని ప్రదర్శించే హక్కు రాదు. టికెట్ పెట్టకుండా ఆడినా, ఒక్క రాత్రే ఆడినా అనుమతి అవసరం కావచ్చు. సన్నివేశం తీసేయాలన్నా, పాత్రను మార్చాలన్నా విడిగా అడగాలి. ఈ ఉత్తరాలు రాసి, జవాబులు తెప్పించి, ఫైలులో పెట్టే ఓపిక ఉన్న ఒక మనిషి కార్యవర్గంలో ఉండాలి. వారికి నటన రానవసరం లేదు.

ఎంతమంది? మాకు ఏడుగురు సరిపోయారు, తొమ్మిది మంది అయినప్పుడూ ఇబ్బంది లేదు. పన్నెండు దాటాక సమావేశం సభగా మారింది. బేసి సంఖ్య పెట్టుకుంటే ఓట్లు సమానంగా చీలే తలనొప్పి తగ్గుతుంది. కనీసం ఎందరు హాజరైతే నిర్ణయం చెల్లుతుందో నియమావళిలో ముందే రాసుకోండి. మీ రిజిస్ట్రేషన్ ఏ చట్టం కింద జరిగిందో అందులో సభ్యుల సంఖ్యకూ పదవీకాలానికీ షరతులుంటే వాటికి లోబడే ఇవన్నీ.

వేదిక మీద కాదు, హాల్లో వెతకండి

మా సమాజానికి దొరికిన అత్యుత్తమ కోశాధికారి ఒక్క నాటకంలోనూ వేషం వేయలేదు. ఆవిడ మనవడు మా పిల్లల నాటకంలో చిన్న పాత్ర వేస్తుండేవాడు, వాణ్ణి రిహార్సల్‌కు తీసుకొచ్చి బయట కూర్చునేవారు. లెక్కల ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినావిడ. ఒక సాయంత్రం లోపలికి వచ్చి, నేను మేకప్ పెట్టె ముందు కూర్చుని రసీదులు కూడుతుండటం చూశారు. అవును, మా రసీదులు మేకప్ పెట్టెలోనే ఉండేవి. బల్లకు అరలు లేవు మరి.

ఆవిడ ఒక రసీదు తీశారు. దాని మీద ముఖానికి పూసే పాన్‌కేక్ రంగు అంటుకుని, మొదటి అంకె మీదుగా వేలిముద్రలా మెరుస్తోంది. దాన్ని అద్దం చుట్టూ ఉన్న బల్బుల దగ్గరికి తీసుకెళ్లి, వెలుగుకు అడ్డంగా పట్టి, ఇటూ అటూ తిప్పి చూశారు. "ఇది ఒకటా, ఏడా బాబూ?" అని అడిగారు. నేను ఒకటి అన్నాను. పక్కనున్న దర్శకుడు ఏడు అన్నాడు. "వచ్చే నాటకానికి హాలు మాట్లాడేశారా?" అన్నారు. మాట్లాడేశాం. ఆవిడ రసీదును పెట్టెలో పెట్టి, "ఎంత మిగిలిందో తెలియకుండా మాట్లాడారన్నమాట. ఈ లెక్కన ఆ తరువాతి నాటకం ఉండదు" అని మామూలు గొంతుతో చెప్పి, మనవడి కోసం వెళ్లిపోయారు.

కోపం రాలేదంటే అబద్ధం. కానీ మాతో పరిచయం కూడా సరిగా లేని మనిషి ఆ మాటను మొహమాటం లేకుండా అనగలిగారు, పైగా గొంతు పెంచకుండా. వారం తరువాత వెళ్లి కార్యవర్గంలోకి రమ్మని అడిగాను. "నాకు నాటకాల గురించి ఏమీ తెలియదండీ" అన్నారు. అది తెలిసినవాళ్లు మా దగ్గర ఇరవై మంది ఉన్నారని చెప్పాను.

ఇలాంటివాళ్లు ప్రేక్షకుల్లో ఉంటారు, నటుల కుటుంబాల్లో ఉంటారు, హాలు తలుపుల దగ్గర టికెట్లు చింపే స్వచ్ఛంద సేవకుల్లో ఉంటారు. నేను లైట్ల గదిలో కూర్చునేవాణ్ణి కాబట్టి ప్రతి ప్రదర్శనకూ వచ్చే ముఖాలు నాకు తెలిసేవి. మీ సమాజంలో ఆ సంగతి ఎవరికి తెలుసో వాళ్లను అడగండి.

ముందు చిన్న పని

నచ్చిన మనిషి కనిపించగానే పదవి ఇవ్వకండి. ఒక నాటకానికి సరిపోయే చిన్న పని అప్పగించండి: కార్యక్రమ పత్రం అచ్చు వేయించడమో, దుస్తుల జాబితా తయారు చేయడమో. పని ఎంత బాగా చేశారన్నది సగమే. మిగిలిన సగం, అది ఆలస్యమయ్యేటట్టు ఉన్నప్పుడు ఏమి చేశారన్నది. "అచ్చుకు ఇవ్వడం రెండు రోజులు ఆలస్యమవుతుంది, ఇంకో చోట అడగమంటారా?" అని తనంతట తాను ఫోను చేసిన మనిషిని గుర్తుపెట్టుకోండి. నాలుగుసార్లు మనమే ఫోను చేస్తే తప్ప సంగతి తెలియని మనిషిని కూడా గుర్తుపెట్టుకోండి, మరో కారణానికి.

తరువాత కూర్చుని మాట్లాడండి. పరీక్షలా కాకుండా అరగంట కబుర్లలా ఉంటే చాలు. నేను తప్పకుండా అడిగేవి మూడు. ఇంతకుముందు ఏ సంఘంలోనైనా మీకు నచ్చని నిర్ణయం జరిగిందా, అప్పుడు మీరేమి చేశారు? నెలకు ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఏ నెలల్లో అసలు ఇవ్వలేరు? వచ్చే రెండు నాటకాల్లో మీకు వేషం రాకపోతే సమావేశాలకు వస్తారా?

మూడో ప్రశ్నకు అందరూ "తప్పకుండా" అంటారు. మాట కంటే, అనడానికి ముందు ఎంతసేపు ఆగారో గమనించండి. కొంచెం ఆలోచించి "బాధగానే ఉంటుంది, కానీ వస్తాను" అన్నవాళ్లు నా అనుభవంలో నిలబడ్డారు. వెంటనే "అదేమి మాట, నాటకం నా ప్రాణం" అన్న ఒకాయన మూడో సమావేశం నుంచి కనిపించలేదు.

నటులూ దర్శకులూ కార్యవర్గంలో ఉండకూడదా అంటే, ఉండాలి. వాళ్లు లేని కార్యవర్గానికి తెర వెనుక ఏమి జరుగుతుందో తెలియదు. అయితే హద్దు గీసుకోవాలి. ఏడాదికి ఎన్ని నాటకాలు, ఖర్చు ఎంతవరకు, దర్శకుడు ఎవరు అన్నవి కార్యవర్గం తేల్చాలి. ఏ వేషం ఎవరికి అన్నది దర్శకుడికి వదిలేయాలి. దర్శకుడిగా పోటీలో ఉన్న సభ్యుడు ఆ చర్చ జరిగేటప్పుడు గదిలోంచి బయటకు వెళ్లాలి, ఓటు వేయకూడదు, బయటకు వెళ్లినట్టు మినిట్స్ పుస్తకంలో, అంటే సమావేశంలో జరిగినవి రాసే పుస్తకంలో, రాయాలి. తమ బంధువుల దగ్గర సామాను కొనే విషయం వచ్చినా ఇదే పద్ధతి. మా దగ్గర మొదటిసారి ఇలా బయటకు పంపినప్పుడు ఆ సభ్యుడు చిన్నబుచ్చుకున్నాడు. రెండోసారి అడగకముందే తానే లేచాడు.

విరాళం ఇచ్చినవారికి కృతజ్ఞతగా కార్యవర్గ సభ్యత్వం ఇవ్వాలనిపిస్తుంది. గౌరవ సలహాదారు అని కార్యక్రమ పత్రంలో వేయండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఓటు మాత్రం వద్దు.

అధ్యక్షుడి విషయానికొస్తే, బాగా మాట్లాడేవారి కంటే చర్చను బాగా ఆపగలిగేవారు మేలు. కోశాధికారి విషయంలో మాత్రం ఎంత చాదస్తంగా ఉన్నా తప్పులేదు. ప్రతి చెక్కుకూ ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. బ్యాంకు స్టేట్‌మెంటును సంతకాలతో సంబంధం లేని మూడో సభ్యుడు నెలనెలా చూడాలి. "మన వాళ్లే కదా, నమ్మకం లేదా?" అనే ప్రశ్న వస్తుంది. అడిగినవారు ఎవరైనా సరే, నమ్మకానికీ దీనికీ సంబంధం లేదని, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే కోశాధికారిని కాపాడేది ఈ కాగితాలేనని చెప్పండి. మా కోశాధికారి ఈ పద్ధతి లేకపోతే పదవి తీసుకోనన్నారు.

ఎన్నికకు రెండు మూడు నెలల ముందు ముగ్గురితో ఒక చిన్న సంఘం వేయండి. వాళ్లలో ఎవరూ పోటీలో ఉండకూడదు, ఒకరైనా ప్రస్తుత కార్యవర్గానికి బయటివారు కావాలి. పేర్లు సేకరించి, ఆ మనుషులతో మాట్లాడి, ఒప్పుకున్నవారి జాబితాను సభ్యులందరికీ రెండు వారాల ముందుగా పంపాలి. ఒప్పుకోకముందు ప్రతి ఒక్కరికీ ఒక పేజీ కాగితం ఇవ్వాలి: ఎన్ని సమావేశాలు, ఏ బాధ్యత, జీతం లేదు, వేషాల్లో ప్రాధాన్యం లేదు, కబురు లేకుండా వరుసగా మూడుసార్లు రాకపోతే స్థానం ఖాళీ అయినట్టే. ఆ కాగితం చదివి కొందరు తప్పుకుంటారు. వాళ్లతో స్నేహం చెడకుండా ఉండటానికి అదే సరైన సమయం. ఓటింగ్ చీటీల మీద జరగాలి. చేతులెత్తించడంలో మొహమాటం మళ్లీ దొడ్డిదారిన వస్తుంది.

పదవీకాలం మూడేళ్లు పెట్టుకుని, ఏటా మూడో వంతు మంది మాత్రమే మారేటట్టు చూసుకోండి. అందరూ ఒకేసారి దిగిపోతే హాలు వాళ్లతో ఎవరు మాట్లాడేవారో కూడా కొత్తవాళ్లకు తెలియదు. వరుసగా రెండు విడతలు చాలు, ఆ తరువాత ఏడాది విరామం. ఈ నియమం రాసింది నేనే, రాసేనాటికే నావి మూడు విడతలు పూర్తయ్యాయి. ఇంకెవరూ ముందుకు రావడం లేదని చెప్పుకునేవాణ్ణి. నిజానికి అడిగింది తక్కువ. నేను దిగిపోయిన మొదటి ఏడాదే ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు.

దిగిపోయేవారు అప్పగించవలసినవి జాబితాగా రాసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేయాలి. మినిట్స్ పుస్తకం, చెక్కు పుస్తకం, పాస్‌వర్డులు, రచయితల అనుమతి పత్రాలు, దుస్తుల రిజిస్టరు, తాళంచెవులు. బ్యాంకులో సంతకాలు మార్పించే పని ఆ వారంలోనే మొదలుపెట్టాలి. నేను అన్నీ ఇచ్చాననుకున్నాను. లైట్ల గది తాళంచెవి మాత్రం నా గొలుసుకే ఉండిపోయింది, ఏడాది పాటు. కొత్త కార్యదర్శి మొదటిసారి నవ్వుతూ అడిగింది, రెండోసారి నవ్వకుండా అడిగింది. మూడోసారి సమావేశంలో అందరి ముందూ అడిగి, మినిట్స్‌లో రాయించింది. ఆ అమ్మాయిని ఎంపిక చేసిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణి.