సింగపూర్‌లో శనివారం రాత్రి బయల్దేరే ముందు

• ఫోన్ నిండా ఛార్జ్ చేసుకోండి.

• ఖాళీ కడుపుతో నది ఒడ్డునున్న క్లార్క్ కీ బార్లకు వెళ్లొద్దు. ముందు లావ్ పా సాత్ ఫుడ్ సెంటర్ పక్క వీధిలో, బొగ్గుల మీద కాల్చే సాటే (మాంసం ముక్కలు గుచ్చిన) పుల్లలు ఓ పది లాగించండి. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఎవరో మరిచిపోయారనుకోకండి, అది మన బస్సుల్లో కర్చీఫ్ వేసినట్టే! తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, లేదంటే జరిమానా పడొచ్చు.

• రాత్రి 10:30 నుంచి ఉదయం 7 దాకా బహిరంగంగా తాగడం నిషేధం. లిటిల్ ఇండియాలో వారాంతమంతా అంతే. నది ఒడ్డున బీరు డబ్బాతో కబుర్లు వద్దు.

• చివరి ఎంఆర్‌టీ (మెట్రో రైలు) అర్ధరాత్రి ప్రాంతంలోనే. తప్పితే టెన్షన్ అక్కర్లేదు గానీ, 12 దాటాక మీటర్ ట్యాక్సీకి 50 శాతం అదనం.