మిఠాయి దుకాణానికి రెండు కాగితాలు: దరఖాస్తు ఎలా పెట్టాలి, ఎక్కడ ఆగిపోతోంది

గోడకు ఫ్రేము కట్టిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సర్టిఫికెట్ ఉంటుంది. అయినా పండగ ముందు తనిఖీకి వచ్చినవాళ్లు కౌంటర్ మీద పేర్చిన అరకిలో డబ్బాలు పక్కన పెట్టించి నోటీసు రాసి పోతారు. "లైసెన్స్ ఉంది కదా సార్" అని దుకాణదారు అంటాడు. ఉంది, కానీ అది ఆహార భద్రత వాళ్ల కాగితం. ముందే తూచి మూతపెట్టిన డబ్బాకు తూనికలు కొలతల శాఖ కాగితం కూడా కావాలి. చిన్న దుకాణాలు ఎక్కువగా దొరికిపోయేది ఈ రెండో దాని దగ్గరే. ఏజెంట్లు దాని ఊసే ఎత్తరు, లేదంటే దాని పేరు చెప్పి వేలు గుంజుతారు.

మొదటి కాగితం

ఇది తేలికైన పని. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫోస్కోస్ పోర్టల్‌లో ఖాతా తెరిచి ఫారం-ఎ నింపాలి. ఫోటో, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, దుకాణం చిరునామాకు రుజువు సిద్ధంగా పెట్టుకోండి. ఏడాది అమ్మకాలు హద్దు లోపు ఉంటే రిజిస్ట్రేషన్ చాలు; 2011 నిబంధనలు పెట్టినప్పుడు ఆ హద్దు 12 లక్షల రూపాయలు. అది దాటితే ఫారం-బి, రాష్ట్ర లైసెన్స్. ఈ హద్దులూ ఫీజులూ ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కాబట్టి దరఖాస్తు చేసే రోజు పోర్టల్ చూపించేదే లెక్క. అవే నిబంధనల్లో రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆన్‌లైన్‌లోనే కట్టాలి. చేతికి నగదు అడిగారంటే అది ఫీజు కాదు.

దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారి నంబరు ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తామని తెలపాలి. తనిఖీ అంటే 30 రోజుల్లో తేల్చాలి. చివరికి వచ్చేది 14 అంకెల నంబరు. మొదటి అంకె 2 అయితే రిజిస్ట్రేషన్, 1 అయితే లైసెన్స్. లైసెన్స్ ఇప్పిస్తానని డబ్బు తీసుకున్న మనిషి 2తో మొదలయ్యే నంబరు తెచ్చి ఇస్తే, మీరు కట్టిన సొమ్ము దేనికో అక్కడే అడగండి. నంబరు అసలుదా కాదా అన్నది అదే పోర్టల్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

ఇక్కడ రెండు గళ్లు జాగ్రత్తగా నింపాలి. ఒకటి, వ్యాపారం రకం. వెనక గదిలో పాకం పడుతూ, ముందు కౌంటర్‌లో అమ్ముతూ, ఫారంలో మాత్రం రిటైల్ అని ఒక్కటే టిక్ పెడతారు. తనిఖీకి వచ్చినవారికి మొదట కనబడేది పొయ్యే. తయారీ ఉంటే తయారీ అనే పెట్టండి. అమ్మే ప్రతి రకాన్నీ, మిఠాయిలతో పాటు కారప్పూస, చెక్కలు కూడా, చేర్చండి.

రెండోది ఫోన్ నంబరు. ఏజెంటు తన నంబరు, తన ఈమెయిల్ పెట్టేస్తాడు. అద్దె ఒప్పందంలో డోర్ నంబరు ఒకటి, కరెంటు బిల్లులో ఇంకొకటి ఉన్నాయని అధికారి దరఖాస్తు తిప్పి పంపితే ఆ మెసేజి మీకు రాదు. గడువులో జవాబు పెట్టకపోతే దరఖాస్తు తిరస్కరణకు పోతుంది, కట్టిన ఫీజూ రాదు. రేపు చిరునామా మార్చాలన్నా ఓటీపీ కోసం అతని దుకాణం మెట్లెక్కాల్సిందే. దరఖాస్తు ఎవరితో పెట్టించినా ఫరవాలేదు, నంబరు మాత్రం మీదే ఉండాలి.

డబ్బా ఎప్పుడు ప్యాకేజీ అవుతుంది

ట్రేలోంచి తీసి, కొనేవారి ఎదుట తూచి, డబ్బాలో పెట్టి ఇస్తే అది విడి అమ్మకం. అదే మిఠాయిని పొద్దున్నే అరకిలో చొప్పున తూచి యాభై డబ్బాలు నింపి పెట్టుకుంటే అది ప్యాకేజీ. తూనికలు కొలతల (లీగల్ మెట్రాలజీ) చట్టంలో ఉన్న మాట ఇది: కొనుగోలుదారు ఎదురుగా లేనప్పుడు, ముందే నిర్ణయించిన పరిమాణంలో, సీలు వేసినా వేయకపోయినా ప్యాక్ చేసిన సరుకు. "మేము టేపు అంటించలేదండీ, మూతే పెట్టాం" అనే జవాబు అందుకే నిలవదు.

అలా ప్యాక్ చేసేవారు లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011లోని 27వ నిబంధన కింద ప్యాకర్‌గా నమోదు కావాలి. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. నిబంధనలో ఫీజు 500 రూపాయలు. అందులో అడిగేవి మూడే: దరఖాస్తుదారు పేరు, ప్యాకింగ్ జరిగే చోటి పూర్తి చిరునామా, ప్యాక్ చేసే సరుకుల పేర్లు. దరఖాస్తు మీ రాష్ట్ర తూనికలు కొలతల శాఖ కంట్రోలర్‌కు. గుర్తింపు కార్డు, దుకాణం రుజువు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, లేబుల్ నమూనా దగ్గర పెట్టుకుంటే రెండోసారి తిరగక్కర్లేదు.

ఈ మూడింటిలో ఎక్కువగా పొరపాటు జరిగేది చిరునామాలో. అమ్మకం బజారులో, డబ్బాలు నింపేది ఇంటి దగ్గర అయితే రాయాల్సింది ఇంటి చిరునామా. సరుకుల జాబితాలో "స్వీట్లు" అని ఒక్క మాటతో సరిపెట్టకండి. కాజా, సున్నుండలు, పూతరేకులు, పల్లీ చిక్కీ అని విడివిడిగా రాయండి.

అదే శాఖతో ఇంకో పని ఉంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించాలి. ఇక కాటా మీద ఖాళీ డబ్బా పెట్టి, టేర్ నొక్కి సున్నా చేశాకే మిఠాయి వేయాలి. డబ్బా 50 గ్రాములు తూగి, మిఠాయి కిలో 600 అయితే, అట్టముక్కకు 30 రూపాయలు వసూలు చేసినట్టు. ఫిర్యాదు రావడానికి ఇదొక్కటి చాలు.

లేబుల్

ముందుగా భాష. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా ఎంతైనా వేసుకోవచ్చు, తెలుగు ఒక్కటే ఉంటే చెల్లదు. వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ నిబంధన అది. అందంగా తెలుగులో వేయించిన డబ్బాలున్నవారు వాటిని పారేయక్కర్లేదు. ఆ వివరాలన్నీ ఉన్న లేబుల్ ఒకటి అంటిస్తే సరిపోతుంది.

బెల్లం పూతరేకుల డబ్బా ఒకటి తీసుకుందాం. సరుకు పేరు. పచ్చ గీతల చదరంలో పచ్చ చుక్క. వాడిన దినుసులు బరువు ఎక్కువైనది ముందు వచ్చేలా: బెల్లం, నెయ్యి, బియ్యప్పిండి, జీడిపప్పు, యాలకులు. మీ పాళ్లలో నెయ్యి కంటే పిండి ఎక్కువ పడితే ఆ వరుస మారుతుంది. పక్కవాడి లేబుల్ చూసి రాస్తే తప్పయ్యేది ఇక్కడే. దాని కింద అలర్జీ హెచ్చరిక: పాలు, గింజపప్పులు (ఇక్కడ జీడిపప్పు). నెయ్యి పాల పదార్థమే అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. చిక్కీ అయితే వేరుశనగ అని విడిగా రాయాలి. పోషక విలువల పట్టిక, తయారీదారు పేరు, చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల నంబరు, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, ఎలా నిల్వ ఉంచాలో ఒక వాక్యం. బ్యాచ్ నంబరంటే ఏదో యంత్రం ఉండాలని భయపడకండి. తేదీ వేసి పక్కన ఆ రోజు ఎన్నో వాయో రాస్తే అదే బ్యాచ్.

తూనికలు కొలతల వాళ్లు చూసేవి ఇంకొన్ని. అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర. యూనిట్ ధర, అంటే కిలో లోపు డబ్బాకు గ్రాము ఎంత పడిందో: 500 గ్రాములు 300 రూపాయలైతే గ్రాము 60 పైసలు. ఫిర్యాదుకు ఒక పేరు, ఫోన్ నంబరు. ఎక్కువగా మరిచిపోయేవి చివరి రెండూ.

బరువులో ఒక చిక్కు ఉంది. తాజా మిఠాయి తడి ఆరి తేలికవుతుంది. 500 గ్రాముల ప్యాకెట్టుకు అనుమతించే తేడా 3 శాతం, అంటే 15 గ్రాములు. దాన్ని తక్కువ వేసుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అనుకోకండి. నింపేటప్పుడే ఐదో పదో గ్రాములు ఎక్కువ వేస్తే మూడో రోజు తూచినా సరిపోతుంది.

అరిసెలో, కజ్జికాయలో పల్లెలో చేయించి తెచ్చి మీ డబ్బాలో పెట్టి అమ్ముతున్నారా? అప్పుడు తయారీదారు మీరు కాదు. చేసినవారి పేరు, చిరునామా ఒక వరుసలో, ప్యాక్ చేసినవారిగా మీది ఇంకో వరుసలో రావాలి. వారికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. చేసిపెట్టే అత్తయ్యకు నంబరు లేకపోతే ముందు ఆమె పేరు మీద ఫారం-ఎ పెట్టించండి. మీ నంబరు ఆమె సరుకు మీద వేస్తే రేపు ఏది తేడా వచ్చినా అది మీ మెడకే.

ట్రేలకు తేదీ

విడిగా అమ్మే మిఠాయికి లేబుల్ అక్కర్లేదు కానీ తేదీ కావాలి. 2020 అక్టోబర్ 1 నుంచి ప్రతి ట్రే దగ్గరా ఏ తేదీ లోపు తింటే మేలో రాసి పెట్టడం తప్పనిసరి. తయారీ తేదీ వేయడం మీ ఇష్టం. ఎన్ని రోజులన్నది దుకాణదారే నిర్ణయించుకోవాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మార్గదర్శకాల్లో కలాకండ్‌కు ఒక్కరోజు, రసగుల్లా, రసమలైలకు రెండు రోజులు, కోవా మిఠాయిలకు నాలుగు, నేతి మిఠాయిలకు వారం, చిక్కీకి నెల అని ఉంది. చెరిపి రాసుకునే చిన్న పలకలు ట్రేకు ముందు గుచ్చితే చాలు. పలక మీద నిన్నటి తేదీ అలాగే ఉండిపోవడం తేదీ లేకపోవడం కంటే అన్యాయం, ఎందుకంటే గడువు దాటిన సరుకు అమ్ముతున్నామని మనమే రాసిచ్చినట్టు.

సగం ఖాళీ అయిన ట్రే మీద కొత్త వాయి కుమ్మరించకండి. పాత ముక్క అడుగున ఉండిపోయి ముందు అదే బూజు పడుతుంది, కొత్త తేదీ మీద.

అట్ట, కవరు, అల్మరా

వార్తాపత్రికలో మిఠాయి చుట్టకూడదు. 2019 జూలై నుంచి అమలవుతున్న ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఆ మాట ఉంది. నేతికి సిరా కరిగి మైసూర్ పాక్‌కు అంటుకోవడం కంటితోనే చూడొచ్చు. డబ్బా పైన చుట్టే పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్ 2022 జూలై 1న నిషేధించిన వస్తువుల జాబితాలో పేరు పెట్టి మరీ ఉంది: స్వీట్ బాక్సుల చుట్టూ చుట్టే ఫిల్మ్. హోల్‌సేల్‌లో ఇంకా దొరుకుతుంది కాబట్టి చెల్లుతుందనుకుంటారు. దానికి బదులు కాగితపు పట్టీ అంటించండి.

వేడి మీద మూత పెట్టడం అన్నిటికంటే మామూలు తప్పు. ఆవిరి మూతకు పట్టి చుక్కలై కిందకి జారుతుంది. లడ్డు పైన తెల్లమచ్చ మొదలయ్యేది అక్కడే. పూర్తిగా చల్లారాక, అడుగున నూనె పీల్చని బటర్ పేపరు వేసి పేర్చండి. అరిసెలు నూనె బాగా పిండి, ఆరబెట్టాకే. లేకపోతే అట్ట తడిసి లేబుల్ ఊడి వస్తుంది. పూతరేకులకు గాలిలో తేమే శత్రువు. వానాకాలంలో గాలి చొరని కవరు లేకుండా డబ్బాలో పెడితే సాయంత్రానికి రేకు మెత్తబడి అంటుకుపోతుంది. చిక్కీ కూడా అంతే, జిగురు తేలుతుంది. సున్నుండలకు, నేతి మిఠాయిలకు ఎండ తగలకూడదు. అద్దాల బీరువా పడమటి ఎండకు ఎదురుగా ఉంటే నెయ్యి చిక్కవాసన పట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు. కోవా సరుకు 5 డిగ్రీలకు మించని చల్లదనంలో ఉంచాలి.

తనిఖీలో చూసేవి కూడా ఇలాంటివే: పిండి బస్తా నేల మీద కాకుండా పీట మీద, గోడకు ఎడంగా ఉందా, ఫినాయిల్ సీసా పంచదార పక్కన లేదు కదా, సరుకు మీద మూతలున్నాయా. బిల్లు పుస్తకం మీద కూడా 14 అంకెల నంబరు ఉండాలి, 2022 జనవరి 1 నుంచి అది తప్పనిసరి.

డబ్బాలు అచ్చు వేయించడం అన్నిటికంటే చివర పెట్టుకోండి. నంబరు రాకముందే ఐదు వేల డబ్బాలకు ఆర్డరిచ్చి, తర్వాత నంబరు మీద స్టిక్కర్లు అంటించుకుంటూ కూర్చున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మారని వివరాలు మాత్రమే అచ్చులో పెట్టి, తేదీ, బ్యాచ్, ధర, బరువులకు ఖాళీ చోటు వదలండి. ఆ చోటు నున్నటి మెరుపు పూత మీద కాకుండా మామూలు కాగితంలా గరుకుగా ఉంటే స్టాంపు సిరా చెరగదు. బిల్లు మెషిన్‌లో వచ్చే థర్మల్ స్టిక్కర్లు వాడేవాళ్లు నేతి చెయ్యి తగలకుండా చూసుకోవాలి, అక్షరాలు పాలిపోతాయి. ఇక నెయ్యి ధర పెరిగిందని పాత డబ్బాల మీద గరిష్ఠ ధరను స్టిక్కరుతో పెంచడం కుదరదు. తగ్గించడానికైతే స్టిక్కరు వేయొచ్చు, అదీ పాత ధర కనిపించేలాగే.